శుక్రవారం పూట ఫైళ్లు పారేయరాదు

ఆడపిల్లకు కంప్యూటర్ వచ్చు అంటే చాలు, ఎంత వచ్చు, ఏం వచ్చు అని ఎవరూ అడగని రోజులవి. నాకు వచ్చు అని మా అమ్మ బాన్సువాడ అంతా చెప్పుకుంది. డిగ్రీ అయ్యాక బస్టాండు వెనకాల ఒక ఇన్‌స్టిట్యూట్‌లో వేసవి అంతా కూర్చుని, ఫ్రేము కట్టించదగ్గ సర్టిఫికెట్ ఒకటి తెచ్చుకున్న మాట నిజమే. (అక్కడ కరెంటు ఉన్నప్పుడు సారు ఉండేవారు కాదు, సారు ఉన్నప్పుడు కరెంటు ఉండేది కాదు. రెండూ కలిసి ఉన్న పూటల్లో మేము కంప్యూటర్ ఆన్ చేయడం, ఆఫ్ చేయడం చాలా శ్రద్ధగా నేర్చుకున్నాం.) ఆ సర్టిఫికెట్ చూసి మా మేనమామ నన్ను తన స్టూడియోలో పెట్టుకున్నాడు. అప్పుడు నాకు కోపం తొందరగా వచ్చేది, ఏడుపు ఇంకా తొందరగా వచ్చేది. ఇప్పుడు కోపం కాస్త తగ్గింది.

స్టూడియో అంటే కింద స్టీలు సామాన్ల దుకాణం, పైన మేము. పెళ్లిళ్లకు ఫోటోలు, వీడియోలు తీయడం మామ పని. తీసుకొచ్చిన వీడియోను కంప్యూటర్లో దించి, అనవసరమైన ముక్కలు కోసి, పాటలు కలిపి, పూలు రాల్చి, ఒక్క సినిమాగా చేయడం నా పని. దీన్ని అందరూ మిక్సింగ్ అనేవారు. పెళ్లికూతురు తామరపువ్వు లోంచి మెల్లగా లేచి వచ్చి నమస్కారం పెట్టే దృశ్యం మామ ప్రత్యేకత. అటు పిట్లం నుంచి ఇటు బీర్కూర్ దాకా ఆ రోజుల్లో పెళ్లయిన ఏ పిల్లా ఆ పువ్వులోంచి లేవకుండా అత్తగారింటికి పోలేదు. మా కంప్యూటర్‌కు కూడా ఆ స్టూడియోలో ఒక హోదా ఉండేది. దానికి పసుపు రాసి కుంకుమ పెట్టేవారు, దసరాకు కొబ్బరికాయ కొట్టేవారు. ఒకసారి కొబ్బరినీళ్లు కీబోర్డులోకి పోయి ఒక అక్షరం పడటం మానేసింది. మామ దాన్ని అమ్మవారి ఇష్టానికి వదిలేశాడు, నేను ఆ అక్షరం లేకుండా పని చేయడం నేర్చుకున్నాను.

ఆ కంప్యూటర్‌తో మాకున్న అసలు చిక్కు ఏమిటంటే దాని కడుపు ఎప్పుడూ నిండే ఉండేది. ఎందుకు నిండేదంటే, మామ ఏ పెళ్లినీ చెరపనిచ్చేవాడు కాదు. డీవీడీ చేతికిచ్చి, వాళ్లకు పిల్లలు పుట్టి, ఆ పిల్లల పుట్టిన పండుగ వీడియో కూడా మేమే తీసినా సరే, పెళ్లి వీడియో మాత్రం మిషన్‌లో ఉండాల్సిందే. "పెండ్లి తుడిపేస్తె గా సంసారం ఏం గావాలె కోడలా" అనేవాడు. ఒక జంట విడిపోయారని ఊరంతా తెలిసింది. ఇదన్నా తీసేద్దాం మామా అంటే, "కేసు ఇంక కోర్టుల్నే ఉంది. మళ్ల కలుస్తరేమో, మనమెందుకు అడ్డం పడుడు" అన్నాడు. అలా కలిసున్న వాళ్లూ, విడిపోయిన వాళ్లూ, మాట్లాడుకోని వాళ్లూ అందరూ మా మిషన్‌లో ఇరుక్కుని కాపురం చేస్తుంటే, కొత్త పెళ్లికి చోటు చూపించే పని నా మీద పడేది.

ఇక ఆ శుక్రవారం సంగతి. దుబాయ్‌లో పనిచేసే ఒకాయన చుట్టీ, అంటే సెలవు మీద వచ్చి, ఆ చుట్టీలోనే సంబంధం చూసుకుని, పెళ్లి చేసుకుని, ఆ చుట్టీ అయిపోవడంతో మళ్లీ పోతున్నాడు. మా వైపు ఇది మామూలే. పెళ్లి అయి నెల కూడా నిండలేదు. సాయంత్రం హైదరాబాద్ బస్సు, అర్ధరాత్రి దాటాక విమానం. మళ్లీ ఎప్పుడొస్తాడో అక్కడి సేటు దయ. అతను పోయేలోపు పెళ్లి వీడియో డీవీడీలో వేసి చేతికిస్తానని మామ మాటిచ్చాడు. మామ మాటిస్తాడు, నేను నిలబెట్టాలి, మా పద్ధతి అది. పొద్దున్నే పెళ్లికొడుకు, కొత్త పెళ్లికూతురు, పెళ్లికొడుకు తల్లి, ముగ్గురూ బ్యాగులతో సహా వచ్చి స్టూడియోలో బైఠాయించారు. ఆ అత్తమ్మ అయితే బీడీల చాట కూడా వెంట తెచ్చుకుంది. గోడకు ఆనుకుని కూర్చుని, చాట ఒళ్లో పెట్టుకుని, తునికాకు కత్తిరిస్తూ, "నువ్వు నీ పని చేస్కో బిడ్డ, నేను నా పని చేస్కుంట" అంది. ఆ కత్తెర చప్పుడు రోజంతా నా వీపు వెనకే వినబడుతూ ఉంది.

మిక్సింగ్ అప్పటికే చేసి పెట్టాను. తామరపువ్వు కూడా విచ్చుకుంది. మిగిలింది చివరి పని, ముక్కలన్నిటినీ కలిపి ఒక్క ఫైలుగా తయారు చేయమని కంప్యూటర్‌కు చెప్పి ఊరుకోవడం. అది గంటల తరబడి తనలో తాను నూరుకుని ఆఖరుకు సినిమా బయట పెడుతుంది. చెప్పాను. అది సగం దాకా నూరి ఆగిపోయింది. చోటు లేదు, ఖాళీ చేయండి అని ఒక చిన్న డబ్బా వచ్చింది. మళ్లీ మొదటి నుంచి నడిపాను (మొదటిసారి పొరపాటున అలా అని ఉంటుందని నా ఆశ). మళ్లీ అక్కడికే వచ్చి ఆగింది. ఈసారి అదే మాట ఇంకా మొండిగా అంటున్నట్టు అనిపించింది.

పెళ్లిళ్లను ముట్టుకునే వీలు లేదు. మరి ఏం తీసేయాలి అని వెతుకుతూ పోతే, ఎక్కడో లోపల దాచిన ఫోల్డర్‌లో అవి కనబడ్డాయి. తాత్కాలిక ఫైళ్లు. ఒకటి కాదు, తెర కిందికి జరుపుతూ పోతే వస్తూనే ఉన్నాయి. వాటి పేర్లకు తలా తోకా లేదు, గీతలు, అంకెలు, మధ్యలో ఏవో ఇంగ్లీషు అక్షరాలు. ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో, ఎందుకు పెట్టారో రాసి లేదు. మా పెళ్లిళ్లన్నీ కలిపి తిన్నంత చోటు ఇవే తింటున్నాయి. దొరికారు దొంగలు అనుకుని, ఒకదాని మీద బాణం పెట్టి డిలీట్ నొక్కాను. అప్పుడు వచ్చిన మాట ఇప్పటికీ నాకు గుర్తుంది. ఇది సిస్టమ్‌కు చెందిన ఫైలు, దీన్ని తీసేస్తే కొన్ని ప్రోగ్రాములు సరిగా పని చేయకపోవచ్చు, తీసేయాలా వద్దా అని.

చేయకపోవచ్చు అంటే ఏమిటి అర్థం? చేస్తుందా, చేయదా? తెలిసిన దానివి నువ్వు, ఏమీ తెలియనిదాన్ని నేను, నన్ను అడుగుతావేం? దవాఖానలో పెద్ద డాక్టర్లు ఇలాగే అంటారు, మీరు ఆలోచించుకుని సంతకం పెట్టండి అని. నేను కుర్చీలో వెనక్కి వాలి ఆ డబ్బాను చూస్తూ కూర్చున్నాను. తీసేస్తే మిషన్ ఆగిపోవచ్చు, అప్పుడు ఈ పెళ్లితో పాటు మామ దాచిన సంసారాలన్నీ పోతాయి. కెమెరా కార్డులో ఉంటుందిలే అనుకోవడానికి లేదు, ఆ కార్డును తుడిచి మామ తమ్ముడు పొద్దున్నే పిట్లంలో ఇంకో పెళ్లికి పట్టుకుపోయాడు. తీసేయకపోతే ఈ మనిషి పెళ్లి వీడియో లేకుండా దుబాయ్ పోతాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నా సర్టిఫికెట్‌లో ఈ పాఠం లేదు.

మామను పిలిచాను. మామ కళ్లద్దాలు పెట్టుకుని తెర మీదికి వంగి, ఆ పేర్లన్నీ చాలాసేపు చదివాడు (ఏం చదివాడో ఆయనకే తెలియాలి). "ఎవలయి ఇవి?" అన్నాడు.

"ఎవరివీ కావు మామా. మిషన్ దానంతల అదే పెట్టుకుంది."

"అయితె దాని సామాన్లే గద. కిరాయికున్నోళ్ల సామాన్లు మనకు అర్థం కాకపోతె పారేస్తమా? గండ్ల ఏమున్నదో నీకెరికేనా?"

"ఎరక లేదు."

"మరి ఎరక లేందాన్ని ఎట్ల ముడుతవు? ఎరికైనోన్ని అడుగు."

ఎరికైనోడు అంటే మా ఇంట్లో ఒక్కడే, మేనత్త కొడుకు, మా సాఫ్ట్‌వేర్ బావ. హైదరాబాద్‌లో అద్దాల మేడలో ఉద్యోగం. ఇంట్లో టీవీ రిమోట్ పని చేయకపోయినా అతనికే ఫోన్ చేసేవాళ్లం. చేశాను. గొంతులో ఏడుపు తెలియనివ్వకుండా మొత్తం చెప్పాను.

"టెంప్ అంటె టెంపరరీ గదనే" అన్నాడు బావ తేలికగా. "గవి గట్లనే వస్తయి, గట్లనే పోవాలె. డిలీట్ కొట్టు."

"సిస్టమ్ ఫైల్ అంటుంది బావా."

"సిస్టమ్ ఫైలా? గా ముచ్చట ముందుగాల చెప్పవేంది. ముట్టకు."

"మరి టెంపరరీ అంటివి గద?"

"టెంపరరీ సిస్టమ్ ఫైలంటే... అది డిపెండ్సే. జర ఆగు, నాకు మీటింగుంది" అని పెట్టేశాడు. (ఆ అద్దాల మేడలోకి వచ్చేపోయేవాళ్ల పేర్లు రాసుకుని మెడలో కార్డు వేసే పని తనదని, చాలా ఏళ్లకు తన పెళ్లి మాటల్లో బయటపడింది. గౌరవమైన పనే, నేను కాదనను. కాకపోతే ఆ శుక్రవారానికి ముందు ఎవరైనా నాకు చెప్పి ఉంటే బాగుండేది.)

మధ్యాహ్నం దాటింది. పెళ్లికూతురు లేచి వచ్చి నా కుర్చీ పక్కన నిలబడి, "అయితదా అక్కా?" అని మెల్లగా అడిగింది. ఆ పిల్ల నాకంటే చిన్నది. చేతులకు గోరింటాకు ఇంకా పూర్తిగా పోలేదు, వేళ్ల చివర్లలో మిగిలి ఉంది. అవుతుందని చెప్పాను. చెప్పి, అటు తిరిగి మామతో, పళ్లు బిగబట్టి, ఏదో ఒకటి చేయాలి, ఇవి తీసేస్తున్నాను, పోతే నా ఉద్యోగం పోనీ అన్నాను. మామ నా ముఖం చూశాడు. సరే అంటాడనుకున్నాను. ఆయన గోడ మీద క్యాలెండర్ చూశాడు.

"ఇయ్యాల ఏం వారం?"

"శుక్రవారం."

"శుక్రవారం పూట ఇంట్లకెల్లి ఏదన్న బయట పారేస్తరా?"

"అవి ఫైళ్లు మామా" అన్నాను.

"ఫైళ్లయితేంది? లచ్చిమి లెక్క పూజ చేసుకునే మిషన్. దాని కడుపులకెల్లి శుక్రవారం పూట తీసి పారేస్తనంటవ్. నా తోని గాదు."

దిక్కు కోసం అత్తమ్మ వైపు చూశాను. కొడుకు కోసమైనా నా పక్షం మాట్లాడుతుందనుకున్నాను. ఆమె కత్తెర ఆపి, చాలా ఆలోచించి, "మీ మామ చెప్పేది గుడ నిజమే బిడ్డ" అంది. "శుక్రవారం నేను గీ ఆకు తుక్కు గుడ బయట పొయ్య. మూలకు ఊడ్సి పెట్టుకుంట, శనివారం పొద్దుగాల పోస్త."

ఆ మాటతో మామ ముఖం వెలిగింది. తెర మీద మూలన ఉన్న చెత్తబుట్ట బొమ్మను వేలితో చూపించాడు. "గా బుట్ట యాడున్నది? మిషన్లనే ఉన్నది గద. అండ్ల వెయ్యి. మూలకు ఊడ్సి పెట్టినట్టే. బుట్ట మాత్రం ఇయ్యాల కుమ్మరియ్యకు, రేపు పొద్దుగాల కుమ్మరిద్దాం." అందరికీ నచ్చింది. పెళ్లికొడుకు కూడా తల ఊపాడు. నాకూ నచ్చింది, అదే నా దౌర్భాగ్యం. ఇంత చదువుకున్న నాకు ఆ క్షణంలో అది గొప్ప తీర్పులా తోచింది. పారేసినట్టూ ఉంటుంది, పారేయనట్టూ ఉంటుంది, లక్ష్మీదేవికీ కోపం రాదు. ప్రోగ్రామ్ మూసి, ఆ ఫైళ్లన్నిటినీ ఒక్కసారి పట్టి, బుట్టలో వేశాను. మిషన్ మూలిగి మూలిగి మోసింది. మేమంతా పురుడు దగ్గర కూర్చున్నట్టు కూర్చుని చూశాం. చివరి ఫైలు కూడా పడ్డాక, ఊపిరి పీల్చుకుని, ఇప్పుడెంత చోటు ఖాళీ అయిందో చూశాను.

ముందు ఎంత ఉందో అంతే ఉంది.

ఎలా పెరుగుతుంది? బుట్ట కూడా ఆ ఇంట్లోదే. చెత్తను హాల్లోంచి మూలకు జరిపితే ఇల్లు పెద్దదవుతుందా? ఇది కంప్యూటర్ విద్య కాదు, చీపురు పట్టిన ఎవరికైనా తెలిసిన విద్య. అంతమంది పెద్దవాళ్లం, ఒక సర్టిఫికెట్ కూడా మా మధ్య ఉండగా, ఒక్కరికీ తోచలేదు. నవ్వు వచ్చి ఉండాల్సింది. సరే, ఎందుకైనా మంచిది, పెళ్లి సరిగానే ఉందో లేదో ఒకసారి చూద్దామని ప్రోగ్రామ్ మళ్లీ తెరిచాను.

పెళ్లి లేదు.

పాటల గీతలు ఉన్నాయి, రాలే పూలు ఉన్నాయి, తామరపువ్వు కూడా ఉంది. పువ్వు మెల్లగా విచ్చుకుంటే లోపల్నుంచి నల్లటి చతురస్రం ఒకటి లేచి వచ్చి నిలబడింది. జీలకర్ర బెల్లం నలుపు, తలంబ్రాలు నలుపు, బరాత్ నలుపు. కార్డులోంచి దించిన వీడియోను ఆ ప్రోగ్రామ్ తనకు కావలసినట్టు మార్చుకుని, ఆ తలా తోకా లేని ఫైళ్లలోనే దాచుకుంటుందని నాకు అప్పుడు తెలిసింది. వాటిలో కొన్ని కరెంటు పోయినప్పుడల్లా సగంలో ఆగిన పాత పనుల చెత్త, కొన్ని ఈ పెళ్లి. పేర్లు మాత్రం అన్నిటివీ ఒకే తీరు. ఏది చెత్తో, ఏది పెళ్లో దేవుడు కూడా చెప్పలేడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. నేను బల్ల మీద తల పెట్టుకుని, సిగ్గు లేకుండా, అందరి ముందు ఏడ్చాను.

"ఏడ్వకక్కా" అంది పెళ్లికూతురు. తన పెళ్లి పోయింది, తనే నన్ను ఓదార్చింది. మామ నా వెనక వచ్చి నిలబడి, "పారెయ్యలే గద కోడలా. బుట్టల్నే ఉన్నయి. మళ్ల తీసి యాడియి ఆడ పెట్టు" అన్నాడు. పెట్టాను. మళ్లీ మిషన్ మూలుగుతూ అన్నిటినీ మోసింది. నలుపులోంచి మనుషులు ఒక్కొక్కరే తిరిగి వచ్చారు, పంతులు, మేళగాళ్లు, అత్తమ్మ, కొత్త జంట. ఆ బుట్ట కుమ్మరించకపోవడం తన శుక్రవారం నిష్ఠ వల్లనే అని మామ తర్వాత ఊళ్లో ఎంతోమందికి చెప్పుకున్నాడు. ఆ మాటా నిజమే. కానీ పొద్దున్నే ఎక్కడ మొదలయ్యామో సాయంత్రానికి సరిగ్గా అక్కడికే వచ్చాం. పెళ్లి ఉంది, చోటు లేదు, ఆ ఫైళ్లేమిటో తెలియదు. బస్సుకు మాత్రం వేళయింది.

పెళ్లికొడుకు లేచాడు. కోప్పడతాడనుకున్నాను, కోప్పడితే బాగుండనుకున్నాను. "పోనియ్ చెల్లె" అన్నాడు. "ఎవలన్న దుబాయ్ వచ్చెటోళ్లతోని తర్వాత పంపిద్దురు. ఇప్పుడైతె గా తెర మీద పెట్టు, నా ఫోన్ల పట్టుకుంట, ఎంత వస్తె అంత." ఆ ఫైళ్లను అతని ఫోన్‌లో వేస్తే తెరుచుకునే రకం కాదు. తెరకు ఎదురుగా ఫోన్ పట్టుకోవడం ఒక్కటే దారి. నేను మొదలుపెట్టాను, అతను ఫోన్ పట్టుకున్నాడు. ఫోన్‌లో చోటు లేదంది. అది చూసి నాకు మళ్లీ ఏడుపు తన్నుకొచ్చింది. అతను మాత్రం ఫోన్ తనవైపు తిప్పుకుని, బొటనవేలితో టకటకా నొక్కుకుంటూ పోయాడు. పాటలు, సినిమాలు, అక్కడి దోస్తుల ఫోటోలు, సముద్రం ఒడ్డున తీసుకున్నవి. ఏది ఏమిటో ఒక్కటీ తెరిచి చూడలేదు.

"ఏమన్న పనికొచ్చేటియి ఉంటయేమో చూస్కో అన్నా" అన్నాను.

"ఉంటె ఉండనియ్ చెల్లె. ఇది కావాలె" అన్నాడు.

మామ శుక్రవారం అని ఒక్క మాట కూడా అనలేదు. కిటికీ దగ్గరికి పోయి రోడ్డు చూస్తూ నిలబడ్డాడు.

మొత్తం పెళ్లి పట్టడానికి వ్యవధి లేదు. ఏం పెట్టమంటారు అంటే, పెళ్లికూతురు తలంబ్రాలు పెట్టమంది. పెట్టాను. "అగో, బియ్యం నీ కండ్లల్ల పడ్డయి సూడు" అని మొగుడితో అంది, అదే మొదటిసారి అందరి ముందు అతనితో మాట్లాడటం అనుకుంటాను. అత్తమ్మ బరాత్ ఊరేగింపులో తన డాన్సు పెట్టమంది. అది వస్తుంటే కత్తెర పక్కన పెట్టి, "నేను గింత లావున్ననా" అని బాధపడింది. పెళ్లికొడుక్కి ఒకటే కావాలట, పంతులు మంత్రాలు చదువుతుంటే పెళ్లికూతురు ఆవులించింది కదా, అది. అది బాగాలేదని మేము కోసేశాం అని మామ అన్నాడు. కానీ కోసిన ముక్క కూడా ఆ తలా తోకా లేని ఫైళ్లలో ఎక్కడో ఉండే ఉంటుందని నాకు తోచి, కోసిన చోట అంచు పట్టి వెనక్కి లాగి బయటికి తెచ్చి పెట్టాను. పెళ్లికూతురు సిగ్గుపడి తెరకు చేయి అడ్డం పెట్టింది. అతను ఫోన్ కదలకుండా, ఆ గోరింటాకు వేళ్లను కూడా కలిపి పట్టుకున్నాడు. తెర మీద నా మౌసు బాణం గుర్తు అందరి ముఖాల మీదా ఈగలా తిరుగుతూనే ఉంది. ఫ్యాను మోత, నా ముక్కు ఎగబీల్చడం, మధ్యమధ్య నా ఏడుపు మాటలు, అన్నీ అందులోకి పోతున్నాయని తెలుసు, ఆపే ఓపిక లేదు. ఇంత దరిద్రమైన పెళ్లి వీడియో బాన్సువాడలోనే కాదు, నిజాంసాగర్ కాలువ పారినంత మేరా ఎవరూ ఎవరికీ ఇచ్చి ఉండరు అనుకున్నాను. బస్సు వచ్చింది, వాళ్లు మెట్లు దిగి వెళ్లిపోయారు. నేను ఆ కుర్చీలోనే కూర్చుండిపోయాను. ఎందుకూ పనికిరానిదాన్నని, బీఈడీ చేసి ఉంటే బాగుండేదని, బస్సు వెళ్లిన చాలాసేపటి దాకా అదే అనుకుంటూ ఉన్నాను.

మర్నాడు మామ కొత్త డిస్కు కొనుక్కొచ్చాడు. ఫైళ్ల జోలికి పోలేదు. (శనివారం పారేయొచ్చు కదా అంటే, ఇప్పుడిక అవి ఇంటి మనుషుల్లో కలిసిపోయాయన్నాడు.) వీడియో చక్కగా తయారైంది. పాటలు, పూలు, తామరపువ్వు, ఎక్కడా వంక పెట్టడానికి లేదు. దుబాయ్ పోయే ఎవరితోనో పంపించారు. నేను ఆ రోజును మర్చిపోవడానికి శాయశక్తులా ప్రయత్నించి, కొంతవరకు మర్చిపోయాను కూడా.

కొన్నేళ్లకు అతను మళ్లీ చుట్టీ మీద వచ్చి, పాస్‌పోర్టు ఫోటో కోసం స్టూడియోకు వచ్చాడు. అప్పటికి నాకూ పెళ్లయింది, మామకు చూపు మందగించి స్టూడియో దాదాపు నేనే చూసుకుంటున్నాను. గుర్తుపట్టి, ధైర్యం చేసి, మేము తర్వాత పంపిన వీడియో ఎలా ఉందన్నా అని అడిగాను.

"మంచిగుంది చెల్లె" అన్నాడు. "పాటలు మస్తు పెట్టిన్రు. గని అండ్ల ఎవలు మాట్లాడరు."

నాకు అర్థం కాలేదు. నిజమే, మా వీడియోల్లో ఎవరూ మాట్లాడరు. మనుషుల మాటలన్నీ తీసేసి పాటలు పెట్టడమే మిక్సింగ్. అతను జేబులోంచి ఫోన్ తీశాడు. ఫోన్ మారింది, వీడియో మాత్రం ఒక ఫోన్‌లోంచి ఇంకో ఫోన్‌లోకి మార్చుకుంటూ మోసుకొచ్చాడట. "రాత్రి డ్యూటీ దిగినంక గిదే పెట్టుకుంటుంటి. గిండ్లయితె మా అమ్మ మాట్లాడుతది, మా ఇంటామె నవ్వుతది. నీ ఏడుపు గుడ ఉన్నది చెల్లె. మా రూంల అందరికి నువ్వు ఎరికే. కొత్తగ ఎవలన్న వచ్చి ఇంటి మీద రంది పెట్టుకొని ఏడుస్తుంటె, ముందుగాల నీ ఏడుపు వినిపిస్తం. నవ్వుతరు."

పెట్టి చూపించాడు. వణుకుతున్న తెర, ఈగలా తిరిగే బాణం, తలంబ్రాలు. వాటి వెనకాల కత్తెర చప్పుడు. అత్తమ్మ గొంతు. "మంచి మంచి ముక్కలన్ని మిగిలిపోతున్నయి అన్నా, అంతా నా వల్లనే, నాకేం రాదు" అని ముక్కు చీదుతూ అంటున్న ఒక పిల్ల గొంతు. ఎవరీ పిల్ల అనుకున్నాను ఒక్క క్షణం. ఎంత సన్నటి గొంతు. లోకమంతా తన చేతిలోనే చెడిపోయిందని ఎంత నమ్మకం ఆ పిల్లకు. దగ్గరికి పోయి తల మీద చేయి పెట్టి, ఊరుకోవే అనాలనిపించింది. అక్కడెక్కడో ఇసుకలో, ఒక గదిలో, నేను ముఖం ఎరగని మనుషులు ఇన్నేళ్లుగా ఆ ఏడుపు విని నవ్వుకుంటున్నారంటే, కోపం రావాలి. రాలేదు.

"ఇంకోసారి పెట్టన్నా" అన్నాను.